ఒక్కపూట బస్సులో పట్నం చూసొద్దాం



పట్నం మనకు కొత్తేమీ కాదు. జనగామలో పొద్దున్నే రైలెక్కితే టిఫిన్ల వేళకల్లా సికింద్రాబాదులో దిగుతాం. పెళ్లి చీరలకనీ, పెద్దాసుపత్రికనీ, పిల్లల కాలేజీ సీటుకనీ, ఆడపడుచు ఇంట్లో శుభకార్యానికనీ ఏడాదిలో నాలుగైదు సార్లయినా వెళ్తూనే ఉంటాం. వెళ్లిన పని చూసుకుని, సంచీ నింపుకుని, సాయంత్రం బండికి తిరిగి వచ్చేస్తాం. చార్మినారు దగ్గర గాజులు బేరమాడని వాళ్లు మనలో అరుదు. ఆ చార్మినారు ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో పిల్లవాడు అడిగితే "మీ నాన్నగారిని అడుగు" అనని వాళ్లు అంతకంటే అరుదు!

అందుకని ఈ వేళ మీతో ఒక చిన్న ప్రయాణం గురించి మాట్లాడదామనుకుంటున్నాను. పట్నంలో నగర దర్శనం బస్సులు ఉంటాయి, మీకు తెలిసే ఉంటుంది. పర్యాటక సంస్థ వాళ్లవీ ఉన్నాయి, ప్రైవేటు వాళ్లవీ ఉన్నాయి. రోజంతా తిప్పేవి కొన్ని, ఒక్కపూటలో ముగించేవి కొన్ని. టిక్కెట్టు కొని కూర్చుంటే చాలు, ఆటోల బేరం లేదు, దారి అడగక్కర్లేదు, గైడు మైకు పట్టుకుని అన్నీ చెబుతాడు. ఒక్కపూటలో పట్నమంతా చూపించడం ఏ బస్సుకూ సాధ్యం కాదనుకోండి. ఒకటి గోల్కొండ వైపు తీసుకెళ్తే, ఇంకొకటి పాతబస్తీ వైపు తీసుకెళ్తుంది. వేళలూ, చార్జీలూ మారుతూ ఉంటాయి కాబట్టి అవి కౌంటరులో కనుక్కోండి. నేను చెప్పబోయేది అక్కడ దొరకని సంగతి.

ఆ బస్సులో గైడు చెప్పే మాటలు జాగ్రత్తగా వినండి. ఫలానా సుల్తాను కోట కట్టించాడు, ఫలానా సుల్తాను చెరువు తవ్వించాడు, ఫలానా నిజాము మహలు పూర్తి చేశాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పేర్ల వరసలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని వినిపిస్తాయి? మహా అయితే ఒక్క భాగమతి. బస్సు నిండా సగం మంది ఆడవాళ్లమే ఉంటాం. కిటికీలోంచి కనిపించే నగరంలో మాత్రం ఆడవాళ్లే లేరన్నట్టు వినివస్తాం. నిజానికి ఆ బస్సు తిరిగే దారి పొడుగునా మన వాళ్ల చరిత్ర ఉంది. కాస్త తెలుసుకుని వెళ్తే కళ్లకు కనిపిస్తుంది, తెలియకపోతే రాయీ సున్నమూ మాత్రమే కనిపిస్తాయి. అంతే తేడా.

మొదట మనం వెళ్లే రైలు సంగతి చెప్పుకుందాం. 1874లో వాడి జంక్షను నుంచి హైదరాబాదుకు నిజాం రైలుదారి పడింది. 1886 నాటికి అది మన జనగామ మీదుగా వరంగల్లు దాకా వచ్చింది, 1889లో బెజవాడకు చేరింది. అంతకు ముందు మన ముత్తవ్వలు పట్నం పోవాలంటే సవారీ కచ్చరంలో ఎడ్లను మార్చుకుంటూ, మజిలీలు చేసుకుంటూ పోవలసిందే. అందుకే ఆ రోజుల్లో ఆడవాళ్లకు ప్రయాణమంటే పుట్టిల్లు, అత్తిల్లు, ఆ తరవాత జాతర. కొమురవెల్లి మల్లన్నకో, యాదగిరిగుట్టకో మొక్కు ఉంటేనే గడప దాటడం. ఊరికే చూసి రావడానికి వెళ్లడమనేది మన అవ్వల కాలంలో లేని భాగ్యం.

రైలు ఆలేరు, వంగపల్లి దాటాక రాయగిరి వస్తుంది. అక్కడ ఒకసారి కిటికీలోంచి చూడండి. హుస్సేన్ సాగర్ నడుమ నిలబడ్డ బుద్ధుడు మన దారిలోని ఈ రాయగిరి రాయే. దాదాపు 18 మీటర్ల విగ్రహం, ఒకే రాయి. గణపతి స్థపతి ఆధ్వర్యంలో చెక్కారు. 1990 మార్చిలో చెరువులోకి తీసుకుపోతుండగా పడవ ఒరిగి విగ్రహం మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. తిరిగి పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు అయింది. సాయంత్రం దీపాల వెలుతురులో ఆ బుద్ధుణ్ణి చూపించి పిల్లలకు చెప్పండి, ఈ రాయి మన రైలు దారిలోదని. వాళ్ల కళ్లు ఎలా మెరుస్తాయో చూడండి.

ఇక బస్సు సంగతి. నిజాం రాష్ట్రంలో సర్కారు బస్సులు 1932లో మొదలయ్యాయి. రైల్వే శాఖలో భాగంగానే, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో. మన ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేటు మీద 'జెడ్' అక్షరం ఉంటుంది, గమనించారా? ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తల్లి పేరు జహ్రా బేగం. ఆ తల్లి పేరు గుర్తుగా ఆ అక్షరం పెట్టారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. కొడుకు రాజయితేనేం, తల్లి పేరు ఊరూరా తిరుగుతోందంటే వినడానికి బావుంది కదూ! ఇంకో మాట. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. కాబట్టి పట్నం దాకా ఎక్స్‌ప్రెస్ బస్సులో పోతే ఖర్చు లేదు. నగర దర్శనం బస్సుకు మాత్రం డబ్బు కట్టవలసిందే సుమండీ! జనగామ నుంచే కాదు, మహబూబాబాదు నుంచయినా, భూపాలపల్లి నుంచయినా ఈ లెక్క ఒకటే.

సరే, బస్సెక్కాం. గోల్కొండ వైపు పోయే బస్సు అనుకుందాం.

గోల్కొండ మొదట సుల్తానులది కాదు. కాకతీయుల కాలంలో అది మట్టి కోట. గొల్లకొండ అనే మాటే గోల్కొండ అయిందంటారు. అంటే ఓరుగల్లు మన పక్కింటిదయితే గోల్కొండ దాని చెల్లెలన్నమాట. తరవాత అది బహమనీల చేతికి పోయింది. వాళ్ల దగ్గర ఈ ప్రాంతానికి అధికారిగా ఉన్న సుల్తాన్ కులీ 1518లో సొంత రాజ్యం స్థాపించాడు. మట్టిగోడలు పోయి రాతిగోడలు లేచాయి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద బాలా హిస్సారులో వినిపిస్తుందని గైడు కొట్టి మరీ చూపిస్తాడు. అందరూ ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపడండి, తప్పులేదు. కానీ నీళ్ల సంగతి కూడా అడగండి. అంత ఎత్తు కొండ మీద రాణివాసమూ, వంటశాలలూ, స్నానాల గదులూ, వేలమంది సైనికులూ ఉంటే వాళ్లకు నీళ్లెక్కడివి? కుండలతో మోస్తే తీరేదా? ఎడ్లు తిప్పే చక్రాలతో కింది తొట్టిలోంచి పై తొట్టిలోకి, అక్కడి నుంచి ఇంకా పైకి నీళ్లు ఎక్కించేవారు. గోడల్లో మట్టిగొట్టాలు అమర్చి గదిగదికీ పారించేవారు. ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. మెట్లెక్కుతూ ఆయాసం వచ్చినప్పుడు ఆగి వాటిని చూడండి. పొద్దున్నే కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మనకు తెలిసినంతగా ఆ గొట్టాల విలువ ఇంకెవరికి తెలుస్తుంది?

అక్కడే రామదాసు బందీఖానా ఉంది. పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న భద్రాద్రిలో గుడి కట్టించి, సర్కారు సొమ్ము వాడినందుకు తానీషా కాలంలో ఇక్కడ చెరలో ఉన్నాడు. ఈ కథ మనకు భజనల్లో కంఠతా వచ్చినదే. కొండ పైన జగదాంబ గుడి ఉంది. ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఇక్కడి నుంచే. సుల్తానులు పోయారు, మొగలులు పోయారు, నిజాములు పోయారు. పసుపు రాసిన కుండ మీద దీపం పెట్టి, నెత్తిన ఎత్తుకుని ఆ మెట్లెక్కే ఆడవాళ్లు మాత్రం ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నారు.

కోట దిగాక దగ్గరలోనే కుతుబ్‌షాహీ సమాధులు. గుమ్మటాలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి, ఎండ కూడా బాగా ఎక్కి ఉంటుంది, అందరికీ అప్పటికి తిరిగి బస్సెక్కుదామనిపిస్తుంది. ఒక్క సమాధి దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. అది హయత్ బక్షీ బేగందని అడిగితే చూపిస్తారు.

ఈవిడ ఎవరంటే, హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు కూతురు. తరవాత రాజయిన సుల్తాన్ మహమ్మద్‌కు భార్య. ఆ తరవాతి రాజు అబ్దుల్లాకు తల్లి. 1626లో భర్త పోయేసరికి కొడుకు పసివాడు, పన్నెండేళ్ల వాడు. పిల్లవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి రాజ్యం తాను నడిపింది. 'మా సాహెబా' అంటే అమ్మగారు అనే పిలుపు ఆవిడది. మనం రోజూ అనే మాసాబ్ ట్యాంక్ పేరు 'మా సాహెబా తలాబ్' నుంచి వచ్చిందే. విజయవాడ రోడ్డులోని హయత్‌నగర్ ఆవిడ పేరుతో వెలిసిందే.

1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చాడు. అప్పటికింకా పాదుషా కాలేదు, దక్కనుకు సుబేదారు. అతని కొడుకు సేన హైదరాబాదులో జొరబడింది. అబ్దుల్లా కోటలో దాక్కున్నాడు. అప్పుడు ఈ వయసు మళ్లిన తల్లి కోట దాటి శత్రువు గుడారానికి వెళ్లింది. యుద్ధ పరిహారానికి ఒప్పుకుంది, మనవరాల్ని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్లి చేయడానికి ఒప్పుకుంది, సంధి మాట్లాడింది. ఇటు ఈవిడ రాయబారమూ, అటు ముట్టడి ఆపమని షాజహాన్ పంపిన ఆజ్ఞా కలిసి వచ్చాయి. కోట నిలిచింది. 1687లో ఔరంగజేబు మళ్లీ వచ్చి ఎనిమిది నెలలు ముట్టడించి గెలిచేదాకా, అంటే ఇంకో ముప్పయ్యొక్క ఏళ్లు గోల్కొండ బతికింది. ఆ రెండోసారి మాట్లాడడానికి వెళ్లేందుకు ఈవిడ లేదు. 1667లోనే కన్నుమూసింది.

ఆ మనవరాలి మనసు ఎవరడిగారు అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపిస్తుంది. రాజ్యాల లెక్కల్లో ఆడపిల్ల ఒక సంతకం లాంటిది. అది కూడా చరిత్రే, దాచుకోవలసిన పని లేదు. చూడవలసిన వాటిలో అదీ ఒకటి.

ఇప్పుడు పాతబస్తీ వైపు పోయే బస్సు మాట. చార్మినారు 1591లో కట్టారు. హిజ్రీ లెక్కలో అది వెయ్యవ సంవత్సరం. గోల్కొండలో జనం ఎక్కువై, నీటికీ గాలికీ ఇరుకై, మూసీ ఇవతల కొత్త నగరం కట్టాలని మహమ్మద్ కులీ తలపెట్టాడు. నగరం నమూనా వేయడంలో అతని మంత్రి మీర్ మోమిన్ చెయ్యి ఉంది. నాలుగు దారులు కలిసే చోట చార్మినారు పెట్టి, దాని చుట్టూ బజార్లు, తోటలు, ఆసుపత్రి, స్నానశాలలు అమర్చారు. మీరు చూసే నాలుగు గడియారాలు మాత్రం అప్పటివి కావు, 1889లో పెట్టినవి.

ఇక్కడ గైడు భాగమతి కథ ఎత్తుకుంటాడు. రాకుమారుడు వరదలో మూసీ దాటి ఆమె కోసం వెళ్లాడనీ, ఆమె పేర భాగ్యనగరం కట్టాడనీ. ఆ కాలంలోనే ఫెరిష్టా వంటి చరిత్రకారులు ఆ పేరు రాశారు. మన కాలంలో హెచ్. కె. షేర్వానీ వంటి పండితులు ఆ కథను ఒప్పుకోలేదు. వాదం ఇంకా తెగలేదు. తెగకపోతే పోనీ, కథ వినసొంపుగానే ఉంటుంది. నా బాధల్లా ఒక్కటే. ఉందో లేదో తేలని భాగమతికి పావుగంట ఇచ్చే గైడు, రాజ్యం నడిపిన హయత్ బక్షీకి ఒక్క నిమిషమైనా ఇవ్వడు. ప్రేమకథలో ఉన్న ఆడది అందరికీ గుర్తుంటుంది, రాచకార్యం చేసిన ఆడది ఎవరికీ గుర్తుండదు. ఇది పట్నంలోని సంగతేనా? మన ఇళ్లల్లోనూ ఉన్నదేనా? ఆలోచించండి.

చార్మినారు పక్కనే లాడ్ బజారు. లక్క గాజుల వీధి. బస్సు వాళ్లు ఇక్కడ అరగంట వదిలితే ఆ అరగంట ఎలా గడుస్తుందో నేను చెప్పక్కర్లేదు! కొనేటప్పుడు ఒక్కసారి ఆ పని ఎలా చేస్తారో కూడా చూడండి. లక్కను నిప్పుల సెగ మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ చేత్తో అద్దుతారు. ఇళ్లల్లో కూర్చుని ఈ రాళ్లు అద్దే పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన పెంబర్తి ఇత్తడి పనికి అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ గుర్తింపు ఉంది. జనగామ పక్కనే ఉండే పెంబర్తి విశ్వకర్మలు కాకతీయుల నాటి నుంచీ రేకు మీద బొమ్మలు దిద్దిన వారు, నిజాముల కాలంలో పాన్‌దాన్లూ, అత్తరుదాన్లూ చేసి దివాణాలకు పంపిన వారు. బేరమాడేటప్పుడు ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకుంటే మంచిది. చేతి పనికి మన దగ్గరే న్యాయం దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుంది?

మక్కా మసీదు దగ్గర్లోనే ఉంది. 17వ శతాబ్దం మొదట్లో కుతుబ్‌షాహీలు మొదలుపెట్టిన ఈ కట్టడాన్ని 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. చౌమహల్లా మహలు 18వ శతాబ్దంలో మొదలై 19వ శతాబ్దంలో పూర్తయింది. అక్కడి గాజు దీపాల గుత్తులు చూసి తీరవలసినవి. బస్సు ఆగితే చూడండి.

మూసీ వంతెన దాటుతున్నప్పుడు మాత్రం కిటికీ వైపు జరిగి కూర్చోండి. ఇప్పుడు చూస్తే సన్నని మురికి పాయలా కనిపిస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. నీళ్లు ముంచుకొస్తుంటే నూట యాభై మందికి పైగా ఆ చెట్టెక్కి కొమ్మలు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చింతచెట్టును ఇంకా చూపిస్తారు. మనం ఎన్నిసార్లు ఆ ఆసుపత్రికి పోలేదు! మందుల చీటీ పట్టుకుని ఆ చెట్టు కిందే నిలబడి ఉంటాం. కోటలకున్నంత చరిత్ర ఆ చెట్టుకూ ఉంది.

ఆ వరదలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్, మన ఆడవాళ్లు గంగమ్మకు పెట్టినట్టే, పట్టుచీరా పసుపూ కుంకుమా పళ్లెంలో పెట్టి మూసీకి సమర్పించాడని పెద్దలు చెబుతారు. తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో పైన కట్టలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద నుంచి కాపు, ఇంటింటికీ తాగే నీళ్లు, రెండూ వాటివల్లే. పట్నం వాళ్లు గండిపేట నీళ్లు తాగామని గొప్పలు పోతారు కదా, ఆ గొప్ప వెనక 1908 నాటి ఏడుపు ఉంది.

నదికి ఇవతల సాలార్ జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, మరిచిపోకండి. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కొంతకాలం దివానుగా పనిచేసి, తరవాత బతుకంతా వస్తువులు సేకరించడంలోనే గడిపాడు. 1949లో పోయాడు. 1951లో నెహ్రూ ఈ ప్రదర్శనశాలను దివాన్ దేవిడీలో ప్రారంభించారు, 1968లో ఇప్పటి భవనానికి మార్చారు. గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర పిల్లలు కదలరు. మనం కదలలేని చోటు మేలిముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ, 1876లో మొదటి సాలార్ జంగ్ కొని తెచ్చాడు. రాతిలోంచి పలచని ముసుగు, ఆ ముసుగులోంచి ముఖం కనిపిస్తాయి. దాని ముందు నిలబడి అందరూ శిల్పి నేర్పును మెచ్చుకుంటారు. ముసుగు లోపల ఉన్నామె ఏం చూస్తోందని ఎవరూ అడగరు.

ఆ ప్రశ్నకు జవాబు అక్కడికి కొంచెం దూరంలో, కోఠీలో ఉంది. నగర దర్శనం బస్సులు సాధారణంగా అక్కడ ఆగవు, ఆ దారిన పోతే పక్కనుంచి సాగిపోతాయి. కోఠీ అంటే పెద్ద బంగళా అని అర్థం. ఆ బంగళా బ్రిటిషు రెసిడెంటుది. 1803 ప్రాంతంలో జేమ్స్ కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు కట్టించడం మొదలుపెట్టాడు. అతను హైదరాబాదు గొప్పింటి పిల్ల ఖైరున్నీసాను ముస్లిం పద్ధతిలో పెళ్లాడాడు. ఆమె పరదాలో ఉండే మనిషి. వెనకవైపు జనానా తోటలో ఆమెకు వేరే మహలు. ముందున్న అంత పెద్ద భవనాన్ని ఎదురుగా నిలబడి చూడడానికి ఆమెకు వీల్లేదు. అందుకని భర్త ఆ భవనానికి అచ్చంగా చిన్న నమూనా చేయించి తోటలో పెట్టించాడని చెబుతారు. ఆ బొమ్మ భవనం ఇప్పటికీ అక్కడ ఉంది.

ఆలోచించండి. తన ఇంటిని తాను బొమ్మలో చూసుకుంది. 1805లో పిల్లలిద్దర్నీ చదువుకని ఇంగ్లండు పంపేశారు. అదే ఏడు భర్త కలకత్తాలో పోయాడు. పిల్లలు మళ్లీ తల్లిని చూడలేదు. 1813లో, ముప్పయి ఏళ్లయినా నిండకుండా ఆమె పోయింది. ఎన్నో ఏళ్ల తరవాత కూతురు కిట్టీ ఇంగ్లండు నుంచి హైదరాబాదులోని అమ్మమ్మకు ఉత్తరాలు రాసుకుంది.

ఈ కథ చెప్పి మిమ్మల్ని బాధపెట్టి వదిలేయను. ఆ కోఠీకి తరవాత ఏమయిందో వినండి. 1924లో నాంపల్లిలో మొదలైన ఆడపిల్లల కాలేజీ 1949లో ఆ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. ఒక ఆడమనిషి ఎదురుగా నిలబడి చూడలేకపోయిన భవనం మెట్ల మీద ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. మనలో ఎందరో, మన పిల్లల్లో ఎందరో అక్కడే చదువుకున్నారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి ఒక పేరు పెట్టారు. ఎవరి పేరనుకున్నారు? మన పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు!

ఐలమ్మ కథ మనకెవరూ చెప్పక్కర్లేదు. అయినా పట్నం దృష్టితో ఒకసారి చెప్పుకుందాం. పట్నంలో దివాణాలు వెలుగుతున్న రోజుల్లో మన జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద వేల ఎకరాలుండేవి. వెట్టి చేయని ఇల్లు లేదు. శిస్తు కట్టని కొట్టం లేదు. ఇక్కడి గింజ అక్కడి దీపమయింది. ఐలమ్మ భూమి కౌలుకు తీసుకుని సాగు చేసింది, సంఘంలో చేరింది. 1940ల నడుమ దేశ్‌ముఖ్ మనుషులు ఆమె పంట కోసుకుపోవడానికి వచ్చారు. ఆమె కదలలేదు. సంఘం వాళ్లు తోడు నిలిచారు. పంట దేశ్‌ముఖ్ గడీకి పోలేదు, ఐలమ్మ ఇంటికి చేరింది. ఆ తరవాత 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు, పోరాటం ఊరూరికీ పాకింది. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. బడి మొహం చూడని ఆ తల్లి పేరు ఇవాళ పట్నం నడిబొడ్డున, ఒకనాటి తెల్లదొర బంగళా గుమ్మం మీద ఉంది.

అందుకే అంటున్నాను, పట్నం చూడబోయేటప్పుడు ఎవరి ఇంటికో చుట్టపుచూపుగా పోతున్నట్టు పోకండి. అక్కడి రాయి మన రాయగిరిది. అక్కడి కోట మన కాకతీయుల నాటిది. అక్కడి మహళ్లకు పోసిన ధాన్యం మన కళ్లాల్లోది. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాల్లో మన బమ్మెర పోతన ఉన్నాడు, రుద్రమదేవి ఉంది, మొల్ల ఉంది. ఆ నగరంలో మనకు వాటా ఉంది.

ఇక పోవడానికి కొన్ని మాటలు. ఆడవాళ్లకు ఒక్కపూట ఖాళీ చేసుకోవడమంటే ఎంత లెక్కో నాకు తెలియంది కాదు. పాలవాడు, నల్లా, పిల్లల బడి, అత్తగారి మందులు. అయినా నలుగురు ఇరుగుపొరుగు వాళ్లు మాట్లాడుకుంటే కుదురుతుంది. మీ ఇంటి పిల్లల్ని ఒకరోజు పక్కింటామె చూస్తుంది, ఆమె వెళ్లినప్పుడు మీరు చూస్తారు. అత్తగారికి ఓపికుంటే ఆవిడనీ తీసుకెళ్లండి, బోనాల మెట్లు ఆవిడకూ చూడాలని ఉంటుంది. ఎత్తు మడమల చెప్పులు వేసుకోకండి, గోల్కొండలో మూడువందల పైచిలుకు మెట్లున్నాయి. మంచినీళ్ల సీసా, గొడుగు, పులిహోర పొట్లం దగ్గర పెట్టుకోండి. బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో దిగే ముందే అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, గైడును ప్రశ్నలు అడగండి. మొహమాటం వద్దు. "బాబూ, ఈ సమాధుల్లో హయత్ బక్షీ బేగందేది? ఆ చింతచెట్టు ఎక్కడుంది? కోఠీ మీదుగా పోతామా?" అని అడగండి. చాలామంది గైడులు పాపం చదువుకున్న పిల్లలే, అడిగేవాళ్లుంటే సంతోషంగా చెబుతారు. ఈ రోజు నలుగురు అడిగితే రేపటి బస్సులో అడక్కుండానే చెబుతారు. చరిత్ర అలాగే మారుతుంది, అడిగేవాళ్లుంటేనే.

తిరిగి వచ్చాక పిల్లవాడు చార్మినారు సంగతి అడిగితే ఇంకెవరి దగ్గరికీ పంపకండి. మీరే చెప్పండి. సెలవు.